వేడెక్కాక, ఎత్తు మీద మిస్ కొట్టే పాత కారు: ఇంకో సామాను కొనేముందు ఇవి చూడండి

మీ సమస్యని నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. 1960ల నాటి నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు, ఒకటే కార్బురేటరు, పాయింట్ల డిస్ట్రిబ్యూటరు (స్పార్కుని సిలిండర్లకి వంతులవారీగా పంచే డబ్బా, పాయింట్లంటే దాని లోపల కాయిల్ కరెంటుని తెంచే చిన్న స్విచ్చి). పొద్దున్నే స్టార్ట్ చేస్తే శుభ్రంగా నడుస్తుంది. ఇరవై నిమిషాలు తిరిగాక ఎత్తు ఎక్కేటప్పుడో, ముందు బండిని దాటడానికి గట్టిగా తొక్కినప్పుడో మిస్ కొడుతుంది, అంటే మధ్యమధ్యలో మంట తప్పుతుంది. ఐడిలింగ్‌లో ఏ గొడవా లేదు. ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సరు, కాయిల్ (బ్యాటరీ వోల్టేజీని స్పార్కుకి చాలేంత పెంచేది) అన్నీ ఒకేసారి మార్చారు, కార్బురేటరు విప్పి కడిగారు. మార్చాక మిస్సింగ్ కాస్త ఎక్కువైందేమోనని మీకే అనుమానం.

ఆ అనుమానాన్ని వదలొద్దు. మీరు రాసిన మొత్తంలో నాకు పనికొచ్చిన మాట అదే. కొత్త సామాను కాబట్టి బాగానే ఉంటుందనుకోవడం పాత కార్ల దగ్గర చెల్లదు. ఈ రోజుల్లో దొరికే కండెన్సర్లు, రోటర్ల (డిస్ట్రిబ్యూటరులో తిరుగుతూ స్పార్కుని ఒక్కో వైరుకి అందించే ముక్క) నాణ్యత మరీ నమ్మదగ్గట్టు లేదు. పైగా నాలుగు వస్తువులు ఒకేసారి మారిస్తే ఏది మంచి చేసిందో, ఏది చెడగొట్టిందో తేల్చడానికి దారి ఉండదు. తీసేసిన పాత కాయిల్, పాత కండెన్సరు పారేయకపోతే దగ్గర పెట్టుకోండి, పోల్చి చూడటానికి అంతకన్నా మంచి పనిముట్టు లేదు. ఇకనుంచి ఒక్కసారికి ఒక్కటే మార్చండి.

మీ కారులో మిస్సు రావడానికి ఒక సమయముంది. వేడి, బరువు (ఇంజన్ మీద పడే లోడు) రెండూ కలిసినప్పుడే వస్తోంది. దీంతోనే సగం అనుమానాలు పక్కన పెట్టొచ్చు. ప్లగ్గు కొనల మధ్య పెట్రోలు, గాలి మిశ్రమం ఎంత ఒత్తిడి మీద ఉంటే, స్పార్కు దూకడానికి అంత ఎక్కువ వోల్టేజీ కావాలి. ఐడిలింగ్‌లో థ్రాటిల్ (ఇంజన్‌లోకి మిశ్రమాన్ని వదిలే రెక్క) దాదాపు మూసే ఉంటుంది, సిలిండర్లోకి వెళ్లేది కొంచెమే, నీరసపు స్పార్కు కూడా ఎలాగోలా నెట్టుకొస్తుంది. అదిమి తొక్కితే సిలిండరు నిండుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు కాయిల్ అంత వోల్టేజీ ఇవ్వలేకపోవచ్చు. లేదా ఇచ్చినా, ప్లగ్గు దగ్గర దూకడం కష్టమై, ఎక్కడ సులువుంటే అక్కడినుంచి ఎర్తుకి (బండి లోహపు ఒంటికి) పోతుంది: రోటరు గుండా, క్యాపు (డిస్ట్రిబ్యూటరు మూత) మీద సన్నటి గీత గుండా, హెచ్‌టి (హై టెన్షన్, అంటే ఎక్కువ వోల్టేజీ) వైరు తొడుగు చీలిక గుండా. ఇన్‌లెట్ మానిఫోల్డు (కార్బురేటరు నుంచి సిలిండర్లకి వెళ్లే గొట్టం) దగ్గర సందుల్లోంచి గాలి పీల్చడం లాంటివి ఇందుకు పూర్తిగా తిరగబడి ఉంటాయి. అవి ఐడిలింగ్‌లో బాగా తెలుస్తాయి, థ్రాటిల్ తెరిచేకొద్దీ వాటి ప్రభావం తగ్గిపోతుంది. కాబట్టి వాటిని ప్రస్తుతానికి వదిలేయండి. మిగిలేవి రెండు: బరువు మీద చాలని స్పార్కు, లేదా బరువు మీద చాలని పెట్రోలు.

ఈ రెండిటిలో ఏదో తేల్చుకోకుండా స్పానర్ పట్టుకోవద్దు. తేల్చడానికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు.

మొదటిది, మిస్ వచ్చే తీరు. స్పార్కు పోతే చటుక్కున పోతుంది, చటుక్కున వస్తుంది. బండి కుదుపు ఇస్తుంది, మండని పెట్రోలు సైలెన్సర్లోకి వెళ్లి అక్కడ టప్పుమని పేలుతుంది. పెట్రోలు చాలకపోతే ఆ పోవడం మెల్లగా ఉంటుంది. లాగుడు తగ్గుతూ తగ్గుతూ, కార్బురేటరు వైపు తుమ్మినట్టు శబ్దం చేస్తూ నీరసపడుతుంది. యాక్సిలరేటరు సగం వదిలితే కోలుకుంటుంది. రెండోది, చోక్ (మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచేది). చేత్తో లాగే చోక్ ఉంటే, సరిగ్గా మిస్ కొడుతున్నప్పుడు పావు వంతు లాగి చూడండి. బండి సర్దుకుని లాగితే మిశ్రమం పలచబడుతోందన్న మాట, పెట్రోలు వైపు వెళ్లండి. ఏ మార్పూ లేకపోయినా, ఇంకా పాడైనా స్పార్కు వైపే ఉండండి.

మూడోది చాలామందికి తట్టదు. మీ డాష్‌బోర్డులో విద్యుత్ టాకోమీటరు, అంటే ఇంజన్ వేగం చూపే మీటరు ఉంటే (కేబుల్‌తో తిరిగేది అయితే ఇది పనిచేయదు) మిస్ కొట్టే క్షణంలో ముల్లుని చూడండి. మీరే నడుపుతుంటే పక్కన కూర్చున్నవాళ్లని చూడమనండి. ఆ ముల్లు కాయిల్ ప్రైమరీ (బ్యాటరీ కరెంటు పారే వైపు) కరెంటు తెగినప్పుడల్లా వచ్చే సంకేతంతో కదులుతుంది. ఇంజన్ ఇంకా తిరుగుతుండగానే ముల్లు ఒక్కసారిగా కిందికి పడిందంటే తప్పు ప్రైమరీ వైపే ఉంది: ఇగ్నిషన్ స్విచ్చి, వైర్లు, పాయింట్లు, డిస్ట్రిబ్యూటరు లోపలి తీగలు. ముల్లు నిలకడగా ఉండి బండి మాత్రం కుదుపుతుంటే హెచ్‌టి వైపు గానీ, పెట్రోలు గానీ.

టైమింగ్ లైటు (వైరులో స్పార్కు కరెంటు పోయినప్పుడల్లా మెరిసేది) ఉంటే నాలుగో పరీక్ష. ఇంజన్ బాగా వేడెక్కాక, బండి నిలబెట్టి, లైటు క్లిప్పుని ముందు కాయిల్ నుంచి క్యాపుకి వెళ్లే వైరుకి, తర్వాత ఒక్కో ప్లగ్గు వైరుకి పెడుతూ థ్రాటిల్‌ని ఒక్కసారి గట్టిగా లాగి వదలండి. అలా లాగినప్పుడు ఒక్క క్షణం సిలిండరు నిండా గాలి చేరి, నిలబడిన చోటే కొంత బరువు పడ్డట్టవుతుంది. కాయిల్ వైరు మీదే మెరుపులు తప్పిపోతే లోపం కాయిల్‌లో గానీ, ప్రైమరీలో గానీ. అక్కడ నిలకడగా ఉండి ప్లగ్గు వైరు మీద తప్పితే రోటరు, క్యాపు, ఆ వైరు. ఒక చిక్కుంది. లైటు వైరులో కరెంటుని మాత్రమే పసిగడుతుంది. మసి పట్టిన ప్లగ్గు గుండా కరెంటు ఎర్తుకి జారిపోతున్నా లైటు మెరుస్తూనే ఉండొచ్చు. మెరుపు తప్పితే అది గట్టి సాక్ష్యం. తప్పకపోతే దాన్నిబట్టి పూర్తిగా నమ్మేయలేం.

మీరు చెప్పిన తీరు చూస్తే నా మొగ్గు స్పార్కు వైపే, అందులోనూ కొత్త కాయిల్ మీదే.

పాత కార్లలో కాయిళ్లు రెండు రకాలు. నేరుగా 12 వోల్టుల మీద నడిచేవాటికి ప్రైమరీ నిరోధం సుమారు 3 ఓమ్‌లు. బ్యాలస్ట్ రెసిస్టరుతో (కాయిల్‌కి వెళ్లే కరెంటుని తగ్గించే నిరోధం) కలిపి వాడేవాటికి సుమారు 1.5 ఓమ్‌లు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, పెట్టె మీద రెండిటికీ 12 వోల్టులనే రాసి ఉండొచ్చు. బ్యాలస్ట్ లేని కారుకి 1.5 ఓమ్‌ల కాయిల్ తగిలిస్తే అది 4 ఆంపియర్ల చోట 8 ఆంపియర్లు లాగుతుంది. కాసేపు స్పార్కు బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత కాయిల్ చెయ్యి పెట్టలేనంత కాలి, పాయింట్లు నల్లబడి, వేడి మీద మిస్సింగ్ మొదలవుతుంది. తిరగేసి, బ్యాలస్ట్ ఉన్న కారుకి 3 ఓమ్‌ల కాయిల్ వేస్తే దానికి చాలినంత కరెంటు అందదు. ఐడిలింగ్‌లో తెలియదు, ఎత్తు మీద తెలుస్తుంది. బ్యాలస్ట్ అంటే ఎప్పుడూ కాయిల్ పక్కన తెల్లటి పింగాణీ ముక్కగానే కనబడాలని లేదు. కొన్ని కార్లలో వైర్ల కట్టలోనే నిరోధమున్న తీగని కలిపేశారు, బయటికి ఏమీ కనబడదు.

తేల్చడం తేలికే. ఇంజన్ ఆపి, ప్రైమరీ వైర్లు రెండూ తీసి, కాయిల్ రెండు చిన్న టెర్మినళ్ల మధ్య నిరోధం కొలవండి. తర్వాత వైర్లు తగిలించి, పాయింట్లు మూసుకుని ఉండేలా ఇంజన్‌ని చేత్తో తిప్పి, ఇగ్నిషన్ ఆన్ చేసి, స్విచ్చి నుంచి కాయిల్‌కి వచ్చే టెర్మినల్ దగ్గర వోల్టేజీ చూడండి. బ్యాటరీకి దగ్గరగా ఉంటే బ్యాలస్ట్ లేదు. 6 నుంచి 9 మధ్య ఉంటే ఉంది. పాయింట్లు తెరుచుకుని ఉంటే కరెంటే పారదు కాబట్టి బ్యాలస్ట్ ఉన్నా 12 చూపిస్తుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. పాయింట్లు మూసి ఉండగా ఇగ్నిషన్‌ని ఎక్కువసేపు ఆన్‌లో ఉంచకండి, కాయిల్ కాలిపోతుంది. బ్యాలస్ట్ లేకుండానే 11కో, 10కో పడిపోయిందంటే ఇగ్నిషన్ స్విచ్చిలోనో, ఏదో జాయింటులోనో వోల్టేజీ హరించుకుపోతోంది.

సరైన కాయిలే అని తేలినా చల్లగా ఉన్నప్పటి కొలతతో సరిపెట్టుకోవద్దు. రాగి తీగ నిరోధం 60 డిగ్రీలు వేడెక్కితే దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. అది మామూలే. కానీ లోపల ఇన్సులేషన్ చెడిన కాయిల్ వేడి మీదే షార్టవుతుంది, దాన్ని మల్టీమీటరు పట్టుకోలేదు. మిస్ మొదలవగానే ఆగి, మీ పాత కాయిల్ తగిలించి చూడటమే సరైన పరీక్ష.

ఇంకొకటి, కాయిల్ ధ్రువాలు. ఆ కాలపు బ్రిటిష్ కార్లు చాలావాటికి పాజిటివ్ ఎర్తు. తర్వాతెవరో నెగటివ్ ఎర్తుకి మార్చి ఉండొచ్చు. నెగటివ్ ఎర్తులో డిస్ట్రిబ్యూటరుకి వెళ్లే వైరు కాయిల్ నెగటివ్‌కి తగలాలి, పాజిటివ్ ఎర్తులో కాయిల్ పాజిటివ్‌కి. తారుమారైతే ఇంజన్ నడుస్తుంది, కానీ స్పార్కు దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ప్లగ్గు మధ్య కొన వేడిగా ఉంటుంది, వేడి లోహం నుంచి ఎలక్ట్రాన్లు తేలిగ్గా బయటపడతాయి, కాబట్టి ఆ కొన నెగటివ్‌గా ఉండాలి. కాయిల్ మార్చినప్పుడు వైర్లు అటూ ఇటూ అయ్యాయేమో చూడండి, మీకు ఒక్క నిమిషం పని.

ఇప్పుడు డిస్ట్రిబ్యూటరు లోపల. కారు ఏ దేశానిదైనా ఇక్కడ పద్ధతి ఒక్కటే. చార్లెస్ కెట్టరింగ్ 1910 ప్రాంతంలో కాడిలాక్ కార్లకి అమర్చిన బ్యాటరీ, కాయిల్, పాయింట్ల ఏర్పాటే 1970ల దాకా దాదాపు అలాగే నడిచింది. ఇందులో అందరూ పాయింట్ల ఖాళీ చూస్తారు, రెండు చిన్న తీగల్ని ఎవరూ చూడరు. ఒకటి బయటి టెర్మినల్ నుంచి పాయింట్లకి వెళ్లేది. రెండోది పాయింట్లున్న ప్లేటుని డిస్ట్రిబ్యూటరు ఒంటికి ఎర్తు చేసే అల్లిక తీగ. వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజన్ పీల్చే శూన్యంతో స్పార్కు సమయాన్ని మార్చే ఏర్పాటు) ఆ ప్లేటుని థ్రాటిల్‌తో పాటు అటూ ఇటూ తిప్పుతూనే ఉంటుంది కాబట్టి ఈ రెండూ ఏళ్ల తరబడి వంగి వంగి, పై తొడుగు బాగానే ఉండి లోపల తెగిపోతాయి. ప్లేటు ఒక చోట ఉన్నప్పుడు పోగులు తగులుతాయి, ఇంకో చోట విడిపోతాయి. తొక్కినప్పుడు వాక్యూమ్ పడిపోయి ప్లేటు కదిలేది సరిగ్గా మీకు మిస్ వచ్చే సమయంలోనే. తీగని వేళ్లతో మెల్లగా లాగి చూడండి, రబ్బరులా సాగితే లోపల రాగి తెగినట్టే. మల్టీమీటరు పెట్టి ప్లేటుని చేత్తో ఇటూ అటూ తిప్పుతూ నిరోధం చూస్తే ఇంకా నమ్మకం. పాయింట్లు మూసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, కదిలే పాయింటుకీ బ్యాటరీ ఎర్తుకీ మధ్య వోల్టేజీ కొలవండి. సున్నాకి దగ్గరగా, మహా అయితే 0.2 ఉండాలి. ఎక్కువుంటే ఎర్తు దారిలోనో పాయింట్ల ముఖాల మీదో నిరోధం ఉంది. కొత్త పాయింట్ల ముఖాల మీద తుప్పు పట్టకుండా పూసిన పొర ఉంటుంది, స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడవకుండా బిగించేవాళ్లే ఎక్కువ.

షాఫ్టుని పట్టుకుని పక్కకి ఊపి చూడండి. బుష్ (షాఫ్టు తిరిగే చిన్న గొట్టం) అరిగి షాఫ్టు ఆడుతుంటే ఫీలర్ గేజ్‌తో ఎంత జాగ్రత్తగా పెట్టినా ఖాళీ నిలవదు. డ్వెల్ (పాయింట్లు మూసి ఉండే కోణం) కొలిచే మీటరు ఉంటే ఐడిలింగ్‌లోనూ, 2000 ఆర్‌పీఎమ్ దగ్గరా డ్వెల్ చూడండి, రెండిటికీ మూడు డిగ్రీలకన్నా ఎక్కువ తేడా వస్తే బుష్ అనుమానించాలి. పాయింట్ల మడమ రుద్దుకునే క్యామ్ మీద చిటికెడు గ్రీజు పెట్టారా? పెట్టకపోతే మడమ త్వరగా అరిగి, ఖాళీ తగ్గి, టైమింగ్ (స్పార్కు పడే సమయం) వెనక్కి జరుగుతుంది. బిగించిన రోజు బాగుండి కొన్ని వందల కిలోమీటర్లకి లాగుడు పోయిందంటే తరచూ ఇదే కారణం.

కండెన్సరు గురించి ఒక్క మాట. పాయింట్లు తెరుచుకున్న క్షణాన ప్రైమరీలో రెండు మూడు వందల వోల్టులు పుడతాయి. కండెన్సరు ఆ కరెంటుని తనలోకి తీసుకోకపోతే అది పాయింట్ల మధ్యే మెరిసి వృథా అవుతుంది, ప్లగ్గుకి మిగలదు. క్యాపు తీసి, ఇంజన్‌ని స్టార్టర్‌తో తిప్పుతూ పాయింట్ల మధ్య చూడండి. కనబడీ కనబడని చిన్న మెరుపు పరవాలేదు. తెల్లగా, పెద్దగా మెరుస్తుంటే కండెన్సరు పోయినట్టే. అది కూడా వేడి మీదే చెడే రకం. కొత్తది తీసేసి పాతది వేసి అదే ఎత్తు ఎక్కి చూడండి.

రోటరు మార్చినట్టు మీరు రాయలేదు. మీ పాత రోటరు అసలుదైతే మంచిదే. ఈ మధ్య కొన్నదైతే అనుమానించండి. ఇత్తడి ముక్కని రివెట్‌తో బిగించిన చవక రకాల్లో ఆ రివెట్ కిందికి షాఫ్టు దాకా దాదాపు చేరుతుంది, మధ్యలో మిగిలే ప్లాస్టిక్ పలచన. చల్లగా ఉన్నప్పుడు ఆపుతుంది, వేడెక్కి వోల్టేజీ పెరిగితే స్పార్కు దాన్ని చీల్చుకుని షాఫ్టులోకి దిగిపోతుంది. పరీక్ష ఇలా: క్యాపు తీసి రోటరుని దాని చోటే ఉంచండి. కాయిల్ నుంచి వచ్చే హెచ్‌టి వైరు కొనని ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో రోటరు మధ్యభాగానికి కొన్ని మిల్లీమీటర్ల ఎత్తులో పట్టుకుని, ఇంకొకరిని స్టార్టర్ తిప్పమనండి. రోటరులోకి స్పార్కు టపటపా దూకుతుంటే అది లీకవుతున్నట్టే, మంచి రోటరు అయితే దూకదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పరీక్షల జోలికి వెళ్లకూడదు, చుట్టుపక్కల పెట్రోలు చెమ్మ కూడా ఉండకూడదు.

క్యాపు లోపల పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీతలున్నాయేమో వెలుతురులో చూడండి. ఉంటే తుడిచి వాడే ప్రయత్నం చేయొద్దు, క్యాపు మార్చండి. మధ్యలో ఉండే కార్బన్ ముక్క స్ప్రింగ్ మీద ఆడాలి. వైర్లకి చీకట్లో ఇంజన్ నడుపుతూ స్ప్రేయర్‌తో సన్నటి నీటి తుంపర కొడితే చీలికల దగ్గర నీలంగా మెరుస్తుంది. కార్బన్ తీగలైతే ఒక్కోదాని నిరోధం కొన్ని కిలో ఓమ్‌ల నుంచి పొడవుని బట్టి పైకి ఉంటుంది. అంకె ఎంతన్నది కాదు, నాలుగిటిలో ఒకటి మిగతావాటికి చాలా దూరంగా ఉందా అన్నది చూడండి. నిరోధమున్న వైర్లు, నిరోధమున్న ప్లగ్గు టోపీలు, పైగా నిరోధమున్న ప్లగ్గులు మూడూ కలిపి వేసిన కార్లు ఉంటాయి, నీరసపు కాయిల్‌కి అది అదనపు భారం. ప్లగ్గు ఖాళీ మీ కారు మాన్యువల్ ఎంత చెప్తే అంతే పెట్టండి, ఆ కాలపు ఇంజన్లకి సాధారణంగా 0.6 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. కొత్త ప్లగ్గుల్ని పెట్టెలోంచి తీసి అలాగే బిగిస్తే కొన్ని 0.8 కూడా ఉంటాయి.

పెట్రోలు వైపు తేలితే మొదట ట్యాంకు మూత. గాలి రంధ్రం పూడుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి ఇరవై నిమిషాలకి సరిగ్గా ఇలాగే చేస్తుంది. మిస్ కొట్టగానే ఆగి మూత తెరవండి, సుయ్యిమని గాలి లోపలికి పీలిస్తే దొరికినట్టే. తర్వాత ఫిల్టర్లు, ట్యాంకు లోపలి జల్లెడ, కార్బురేటరులోని ఫ్లోట్ (పెట్రోలు మట్టాన్ని ఆపే తేలుడు ముక్క) మట్టం, పంపు ఎంత పోస్తోందో చూడండి. పాత రబ్బరు గొట్టాలు ఇథనాల్ కలిసిన పెట్రోలుకి లోపల మెత్తబడి, పొరలు ఊడి దారి మూస్తాయి, బయటికి మాత్రం కొత్తవిలా కనబడతాయి. ఎగ్జాస్ట్ పక్కనుంచి పోయే పైపు వేడికి పెట్రోలు ఆవిరై అడ్డుపడటం కూడా వేడి రోజుల్లో మామూలే. కార్బురేటరు ఒకసారి కడిగారు కదా, పైవన్నీ చూసేదాకా మళ్లీ విప్పకండి.

మిస్ అన్ని సిలిండర్లదీ కాక ఒక్కదానిదే అయితే కథ వేరు. అది తెలుసుకోవాలంటే ఎత్తు మీద గట్టిగా మిస్ కొడుతుండగా క్లచ్ తొక్కి, ఇగ్నిషన్ ఆపి (స్టీరింగ్ లాక్ పడేంత దూరం తాళం తిప్పొద్దు), రోడ్డు ఖాళీగా ఉన్నచోట బండిని పక్కకి చేర్చి, ఇంజన్ కొంచెం చల్లారాక ప్లగ్గులు తీసి వరసగా పెట్టండి. నాలుగూ ఒకేలా ఉంటే తప్పు అందరికీ ఉమ్మడిగా ఉన్నచోట: కాయిల్, కండెన్సరు, రోటరు, పెట్రోలు. ఒక్కటే తడిగానో నల్లగానో ఉంటే ఆ వైరు, ఆ ప్లగ్గు, క్యాపులో ఆ టెర్మినల్ చూసి, అవి బాగుంటే వేడి మీద కంప్రెషన్ కొలవండి. తగ్గిన సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు. పక్కపక్క సిలిండర్లు రెండూ తగ్గితే హెడ్ గ్యాస్కెట్. సీసం కలిసిన పెట్రోలుకి తయారైన ఇంజన్‌ని ఇప్పటి పెట్రోలు మీద గట్టిగా నడిపితే ఎగ్జాస్ట్ వాల్వు సీటు లోపలికి అరుగుతూ, ట్యాపెట్ ఖాళీ (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) తగ్గుతూ వస్తుంది. చివరికి వేడి మీద వాల్వు పూర్తిగా మూసుకోదు. ట్యాపెట్లు చూసి ఎన్నాళ్లయింది?

పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టేయమని ఎవరో ఒకరు మీకు చెప్తారు. మంచి కిట్లున్నాయి, నాకు వ్యతిరేకత లేదు. కానీ ఇప్పుడు పెడితే లీకయ్యే రోటరు, తప్పు కాయిల్ అలాగే ఉండిపోతాయి, కొన్ని కిట్లు 1.5 ఓమ్‌ల కాయిల్‌ని తట్టుకోలేక కాలిపోతాయి కూడా. ముందు ఈ మిస్సు పోనివ్వండి.

పాయింట్ల ఖాళీ ఏ కొంచెం మార్చినా టైమింగ్ మళ్లీ పెట్టుకోవాలి, ఖాళీ పెరిగితే టైమింగ్ ముందుకి జరుగుతుంది. ఏది మార్చినా అదే ఎత్తు మీద, అంతే వేడి మీద, అదే గేరులో ఎక్కించి చూడండి. ముందు కాయిల్ నిరోధం, పాయింట్లు మూసి ఉండగా దాని దగ్గర వోల్టేజీ, చోక్ లాగితే ఏమైందీ, ఈ మూడూ రాయండి. ప్లగ్గుల ఫోటో కూడా పెడితే ఆ తర్వాత ఎటు వెళ్లాలో చెప్తాను.